అమెరికా, రష్యా నిజంగా కొట్టుకుంటాయా? ఒక పాత సబ్‌మెరైన్ మనిషి జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. అబ్బాయికి డల్లాస్‌లో ఉద్యోగం, మేనకోడలు రష్యాలో ఎంబీబీఎస్ మూడో ఏడు. యూట్యూబ్ తెరిస్తే చాలు, "వారంలో మూడో ప్రపంచ యుద్ధం" అని ఎర్ర అక్షరాలు. ఇద్దర్నీ ఇంటికి రమ్మనమంటారా అని అడిగారు. రమ్మనక్కర్లేదు. మేనకోడలి విషయంలో మాత్రం కొన్ని జాగ్రత్తలున్నాయి, చివర్లో రాస్తాను. వాటికీ అణుబాంబులకీ సంబంధం లేదు.

ముందు నా సంగతి. నేను విదేశాంగ నిపుణుణ్ణి కాను. నేవీలో ఇంజన్ రూమ్ ఆర్టిఫిసర్‌గా చేరాను, విశాఖలోనే సబ్‌మెరైన్ పని నేర్చుకున్నాను, సర్వీసులో ఎక్కువ భాగం రష్యావాళ్లు కట్టిన బోట్లలో గడిపాను. (సబ్‌మెరైన్‌ని మేం ఓడ అనం, బోటనే అంటాం.) రిటైరయ్యాక ఈ అమెరికా–రష్యా గొడవ మీద దొరికిందల్లా చదవడం అలవాటైపోయింది. ఇంట్లోవాళ్లు జబ్బంటారు.

నా లెక్క ఇది. ఇద్దరిలో ఎవరో ఒకరు కూర్చుని, ఆలోచించి, "సరే, యుద్ధం చేద్దాం" అని దిగడం జరిగే పని కాదు. ప్రపంచంలో ఉన్న అణ్వాయుధాల్లో దాదాపు తొంభై శాతం వీళ్లిద్దరి దగ్గరే ఉన్నాయి. విప్పెయ్యడానికి పక్కన పెట్టినవీ కలిపితే చెరో ఐదు వేల పైచిలుకు. మొదట కొట్టినవాడూ మిగలడు. ఆ సంగతి క్రెమ్లిన్‌కీ తెలుసు, వైట్‌హౌస్‌కీ తెలుసు. నాకు భయం వేసేది పొరపాటుకి. ఆ పొరపాటు ఎలా ఉంటుందో చూడాలంటే మీరు మాస్కో దాకా వెళ్లక్కర్లేదు. విశాఖ ఆర్కే బీచ్‌కి వస్తే చాలు.

బీచ్‌లో ఇసుక మీద ఉన్న కుర్సురా చూసే ఉంటారు. 1969లో సోవియట్ యూనియన్ నుంచి తీసుకున్నాం, 2001లో రిటైరైంది, మరుసటేడు మ్యూజియం చేశారు. రష్యావాళ్ల లెక్కలో అది ప్రాజెక్ట్ 641, నాటోవాళ్లు (అమెరికా, దాని మిత్రదేశాల సైనిక కూటమి) పెట్టిన పేరు ఫాక్స్‌ట్రాట్. నేను పనిచేసింది దాని తోబుట్టువు బోటులో. టికెట్టు తీసుకుని లోపలికెళ్లినవాళ్లు గుండ్రటి తలుపుల్లోంచి ఒక కాలు, తల, రెండో కాలు అన్న వరసలో దూరి, ఫొటో దిగి, ఇరవై నిమిషాల్లో బయటపడతారు. ఈసారి వెళ్తే ఐదో కంపార్ట్‌మెంట్‌లో, మూడు డీజిల్ ఇంజన్ల మధ్య సందులో ఒక్క నిమిషం ఆగండి. ఆ సందులో వరసగా పది రోజులు, స్నానం లేకుండా, చెమట కారుతూ ఉన్నట్టు ఊహించుకోండి.

సరిగ్గా ఇలాంటి బోట్లే నాలుగు 1962 అక్టోబర్ 1న రష్యా ఉత్తర కొసన కోలా ద్వీపకల్పం నుంచి క్యూబాకి బయల్దేరాయి. సోవియట్ యూనియన్ తన పక్కనున్న క్యూబాలో అణు క్షిపణులు పెట్టిందని తెలిసి అమెరికా నేవీ ఆ దీవి దారులు మూసిందీ, రెండు దేశాలూ యుద్ధం అంచుదాకా వచ్చిందీ ఆ నెలలోనే. ఒక్కోదాంట్లో మామూలు టార్పెడోలతో (నీళ్లలో దూసుకెళ్లి ఓడని పేల్చేవి) పాటు ఒక్కో అణు టార్పెడో కూడా ఉంది. చలి సముద్రాల్లో తిరగడానికి కట్టిన బోట్లని వెచ్చటి నీళ్లలోకి పంపారు. లోపల నలభై ఐదు డిగ్రీలు దాటింది, ఇంజన్ల దగ్గర ఇంకా ఎక్కువ. ఇది డీజిల్ బోటు కదా, నీళ్ల కింద గాలి ఉండదు కాబట్టి ఇంజన్ నడవదు, బ్యాటరీ మీదే పోవాలి. బ్యాటరీ అడుగంటితే పైకొచ్చి ఇంజన్ వేసి ఛార్జి చేసుకోవాలి. పైన అమెరికా నేవీ కాచుక్కూర్చుంటే ఎలా వస్తారు?

ఆ నాలుగింటిలో బీ-59 అనే బోటుని అక్టోబర్ 27న అమెరికా డిస్ట్రాయర్లు, అంటే సబ్‌మెరైన్లని వేటాడే యుద్ధనౌకలు, చుట్టుముట్టాయి. లోపల బ్యాటరీ దాదాపు అయిపోయింది. కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయి మనుషులు సొమ్మసిల్లుతున్నారు. నీళ్ల అడుగున ఉండటంతో మాస్కో నుంచి కబురు లేదు. గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, అప్పుడు మొదలయ్యాయి పేలుళ్లు.

ఆ పేలుళ్లు సబ్‌మెరైన్‌ని ముంచడానికి నీళ్లలోకి వదిలే అసలు డెప్త్ చార్జీలు కావు. "పైకి రా" అని చెప్పడానికి వేసే చిన్న చిన్న సిగ్నల్ చార్జీలు. వీటిని నేనూ విన్నాను. మా రోజుల్లో బంగాళాఖాతంలో విన్యాసాలు జరిగేటప్పుడు పైనున్న ఓడ మమ్మల్ని పట్టేసిందని చెప్పడానికి ఇలాంటివే వేసేది. అది విన్యాసమని మాకు తెలుసు. వేసేవాడు మనవాడేనని తెలుసు. సాయంత్రానికి హార్బర్‌కి వెళ్లి వాళ్లతోనే టీ తాగుతామనీ తెలుసు. అయినా, మూత బిగించిన ఇనప డ్రమ్ములో కూర్చుంటే బయట నుంచి ఎవడో సుత్తితో కొట్టినట్టుంటుందండీ ఆ చప్పుడు. మొదటిసారి మా వంటవాడి చేతిలో గరిట జారి కింద పడింది. ఎవరూ నవ్వలేదు.

బీ-59లో వాళ్లకి అది విన్యాసమని చెప్పినవాడు లేడు. ఇంకా ఘోరం ఏమిటంటే, "ఇలా సిగ్నల్ చార్జీలు వేస్తాం, వేస్తే పైకి రండి" అని అమెరికా రెండు మూడు రోజుల ముందే మాస్కోకి తెలియజేసింది. ఆ కబురు తమకి అందలేదని ఆ బోట్ల కెప్టెన్లు తర్వాత చెప్పారు.

ఆ తర్వాత జరిగిందానికి రెండు కథనాలున్నాయి. బోటులో ఉన్న ఓర్లోవ్ అనే అధికారి చెప్పిన ప్రకారం, పైన యుద్ధం మొదలైపోయిందనుకుని కెప్టెన్ సావిట్‌స్కీ అణు టార్పెడో సిద్ధం చెయ్యమన్నాడు. ఆ బోట్ల దళంలో పెద్ద అధికారి, బ్రిగేడ్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ అర్ఖిపోవ్ అనుకోకుండా ఆ బోటులోనే ఉండటంతో ఆయన ఆపాడు. రెండో కథనంలో, బోటు పైకి తేలాక అమెరికా విమానం వెలుగులు జార్చి, పక్కన కాల్పులు జరిపింది. దాడే అనుకుని కెప్టెన్ మళ్లీ మునగమన్నాడు, టార్పెడో సిద్ధం చెయ్యమన్నాడు. సెర్చ్‌లైట్ పట్టుకున్న సిగ్నల్‌మన్ ఒకడు దిగే దారిలో ఇరుక్కుని ఆలస్యమైంది. ఆలోపు అమెరికా ఓడ లైటుతో క్షమాపణ చెబుతోందని అర్ఖిపోవ్ గమనించాడు.

నాకు రెండోదే నిజమనిపిస్తుంది. ఇరుకు మెట్ల మీద సెర్చ్‌లైట్ ఇరుక్కోవడం కల్పించి చెప్పే సంగతి కాదు, బోటులో రోజూ జరిగేదే. ఏదైతేనేం, ఆ టార్పెడో వదిలి ఉంటే పైనున్న ఓడలు ఆవిరైపోయేవి. అక్కడ అణు టార్పెడో ఉందన్న సంగతి ఆ రోజు అమెరికావాళ్లకి తెలియనే తెలియదు. నలభై ఏళ్ల తర్వాత, 2002లో హవానాలో రెండు పక్షాల పాతవాళ్లూ కలిసి కూర్చున్నప్పుడు గానీ ఆ సంగతి లోకానికి పెద్దగా తెలియలేదు.

అర్ఖిపోవ్‌ని "ప్రపంచాన్ని కాపాడిన మనిషి" అంటూ వీడియోలు చేస్తుంటారు. గొప్పవాడే, కాదనను. అంతకు ముందటేడు కే-19 అనే సోవియట్ అణు సబ్‌మెరైన్‌లో రియాక్టర్ ప్రమాదం జరిగినప్పుడు కూడా ఆ బోటులో ఉన్నాడు, రేడియేషన్‌కి మనుషులు చావడం దగ్గర నుంచి చూసినవాడు. కానీ ఒక మంచివాడు సమయానికి అక్కడ ఉండటం మీద లోకం నిలబడిందంటే, ఏర్పాటులో లోపమున్నట్టే. కబురు అందలేదు. అసలు సమస్య అది.

అదే వారం వాషింగ్టన్‌లో పరిస్థితి ఎలా ఉందో చూడండి. సోవియట్ రాయబారి డొబ్రీనిన్ మాస్కోకి సంకేత భాషలో టెలిగ్రాం రాసి, వెస్టర్న్ యూనియన్ అనే టెలిగ్రాం కంపెనీ కుర్రాడు సైకిల్ తొక్కుకుంటూ వచ్చి తీసుకెళ్లేదాకా ఎదురుచూసేవాడు. ఆ కుర్రాడు దారిలో ఎక్కడా ఆగకుండా వెళ్తే బాగుండునని అనుకునేవాణ్ణని తర్వాత రాసుకున్నాడు. సోవియట్ అధినేత క్రుశ్చేవ్ పంపిన ఉత్తరం అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ చేతికి చేరడానికి పూట పట్టింది. కోట్ల ప్రాణాల బేరం సైకిల్ మీద నడిచింది.

ఈ భయంతోనే 1963 జూన్‌లో రెండు రాజధానుల మధ్య నేరుగా కబురు వెళ్లేలా హాట్‌లైన్ ఒప్పందం చేసుకున్నారు, ఆగస్టు 30న అది పనిచెయ్యడం మొదలైంది. సినిమాల్లో చూపించే ఎర్ర ఫోన్ ఎప్పుడూ లేదండీ, అది టెలిప్రింటర్, రాసిన మాటని తీగ మీద పంపే యంత్రం. మాట అయితే తొందరపడి జారుతుంది, అనువాదంలో తప్పు దొర్లుతుంది, రాతైతే ఆలోచించుకుని పంపొచ్చని అలా పెట్టారు. అప్పట్నుంచి కబురు అందడానికి ఒక్కో తీగ, అంటే ఒక్కో ఏర్పాటు, చేరుస్తూ పోయారు. 1971 డిసెంబర్‌లో, బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు, అమెరికా ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకని మన బంగాళాఖాతంలోకి పంపింది, వెనకాలే వ్లాదివస్తోక్ నుంచి సోవియట్ ఓడలు వచ్చాయి. ఆ రోజుల గురించి మా సీనియర్లు కథలు కథలుగా చెప్పేవారు. ఆర్నెల్లు తిరక్కముందే, 1972 మేలో, రెండు నేవీలూ సముద్రం మీద ఒకరి దగ్గరికొకరు వచ్చినప్పుడు ఎలా నడుచుకోవాలో రాసుకున్నాయి. ఒకరి మీదకొకరు తుపాకీ గురిపెట్టకూడదు, మీదమీదకి తోలకూడదు, ఫలానా సిగ్నల్‌కి ఫలానా అర్థం, ఏటా ఒకసారి కూర్చుని తగాదాలు తేల్చుకోవాలి.

ఆ రాతతో గొడవలు ఆగిపోలేదు. 1988 ఫిబ్రవరి 12న క్రిమియా దగ్గర నల్ల సముద్రంలో సోవియట్ ఓడలు రెండు వచ్చి అమెరికా ఓడలు రెండింటిని కావాలనే ఒరుసుకుంటూ గుద్దాయి. ముందు రేడియోలో చెప్పి మరీ గుద్దాయి. ఒక్క తూటా పేలలేదు. మన ఊళ్లో గట్టు తగాదాలో మాట అనుకుని, భుజంతో తోసుకుని, కత్తి మాత్రం తియ్యకుండా ఇంటికెళ్లినట్టు.

ఈ తీగల్లో కొన్ని ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వీడియోలు చేసేవాళ్లు ఈ మాట చెప్పరు. సిరియాలో 2018 ఫిబ్రవరి 7 రాత్రి అమెరికా సైనికులున్న చోటికి కొన్ని వందల మంది ఆయుధాలతో వచ్చారు. వాళ్లలో రష్యా కిరాయి సైనికులూ ఉన్నారు. అమెరికావాళ్లు ఫోనెత్తి "వీళ్లు మీవాళ్లేనా" అని రష్యా సైన్యాన్ని అడిగారు. కాదన్నారు. ఆ తర్వాత కొన్ని గంటలపాటు విమానాలతో దంచారు. రష్యన్లు చాలామంది పోయారు. అయినా రెండు దేశాల మధ్య యుద్ధం రాలేదు, ఆ ఫోన్ లైను ఉంది కాబట్టి. కాదన్న మాట నిజమా అబద్ధమా అన్నది వేరే సంగతి, ఇద్దరికీ తప్పుకోడానికి ఒక దారి దొరికింది.

2024 నవంబర్ 21న ఉక్రెయిన్‌లోని ద్నీప్రో నగరం మీద రష్యా ఒరెష్నిక్ అనే కొత్త క్షిపణి వేసింది. అణ్వాయుధం మోయగల జాతి క్షిపణి అది. టీవీలన్నీ దాని వేగం గురించే మాట్లాడాయి. నా దృష్టిలో అసలు వార్త వేరే. క్షిపణి లేవడానికి అరగంట ముందు, ఇలాంటి కబుర్ల కోసమే ఉన్న కేంద్రం ద్వారా అమెరికాకి తెలియజేశామని క్రెమ్లిన్ చెప్పింది. ఆ కేంద్రాలు 1987 ఒప్పందంతో పుట్టినవి. అంత పగ మీద ఉండి కూడా ఆ కబురు పంపారు. 1962లో అందకుండా పోయిన కబురుకి ఇది మనవడు.

అయితే నిశ్చింతగా పడుకోవచ్చా అంటే, అదీ చెప్పలేను. తీగలు ఒక్కొక్కటే తెగుతున్నాయి. క్షిపణుల్ని అడ్డుకునే వ్యవస్థల మీద హద్దు పెట్టిన 1972 ఒప్పందం నుంచి అమెరికా 2002లో తప్పుకుంది. మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం 2019లో పోయింది. ఒకరి నేల మీద ఇంకొకరు విమానంలో తిరిగి ఫొటోలు తీసుకునే ఓపెన్ స్కైస్ నుంచి 2020లో అమెరికా, మరుసటేడు రష్యా బయటికొచ్చాయి. మిగిలిన పెద్దది, ఇద్దరి అణ్వాయుధాల సంఖ్యకి హద్దు పెట్టిన న్యూ స్టార్ట్ ఒప్పందం ఒక్కటే. దాని గడువు కూడా 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది.

న్యూ స్టార్ట్ అనగానే అందరూ 1,550 వార్‌హెడ్ల (క్షిపణి మోసే అణుబాంబుల) హద్దు గురించే చెబుతారు. నేను విలువిచ్చేది తనిఖీలకి. ఏడాదికి పద్దెనిమిదిసార్ల దాకా ఒక దేశం మనుషులు రెండో దేశం క్షిపణి స్థావరాలకీ సబ్‌మెరైన్ స్థావరాలకీ వెళ్లి, ఎంచుకున్న క్షిపణి దగ్గర నిలబడి, లెక్క చెప్పినంతే ఉందా అని చూసుకునేవారు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆపారు, మళ్లీ మొదలుపెట్టలేదు. 2023 ఫిబ్రవరిలో రష్యా ఒప్పందాన్నే నిలిపేసింది.

చూపు పోతే ఏమవుతుందో నీళ్లలో చప్పుళ్లు వినే మా సోనార్ కుర్రాళ్లని అడగాలి. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాడికి ఏదో చప్పుడు వినిపిస్తుంది, అదేంటో పోల్చుకోలేడు. దాన్ని చేపల గుంపు అని రాయడు. శత్రువనే రాస్తాడు, కాదని తేలేదాకా. దేశాలూ అంతే. అవతలివాడి దగ్గర ఎన్ని ఉన్నాయో కనపడకపోతే ఎక్కువే ఉన్నాయని లెక్కేసుకుంటాయి, తమవి పెంచుకుంటాయి. ఒప్పందం పోయిన మర్నాడే బాంబులేమీ పడవండీ. ఏదో ఒక రాత్రి ఎవరికో తప్పుడు సంకేతం వచ్చినప్పుడు నమ్మకం తక్కువగా ఉంటుంది. ఇదివరకు ఆ ఒక్క చెంచాడు నమ్మకమే కాపాడింది. 1983 సెప్టెంబర్‌లో మాస్కో దగ్గర పెట్రోవ్ అనే అధికారికి అమెరికా ఐదు క్షిపణులు వదిలిందని కంప్యూటర్ చూపించింది. మొదలుపెట్టేవాడు ఐదింటితో మొదలుపెడతాడా అని ఆయన అనుమానించి, తప్పుడు హెచ్చరికే అని పైకి చెప్పాడు. 1995 జనవరిలో నార్వే ఆకాశ పరిశోధనకి రాకెట్ వేస్తే రష్యా అధ్యక్షుడు యెల్ట్సిన్ ముందు అణు దాడికి ఆదేశమిచ్చే పెట్టె తెరిచారు. నార్వే ముందే కబురు పెట్టింది. రాడార్ దగ్గరున్నవాళ్లకి చేరలేదు. మళ్లీ అదే కథ.

ఇలాంటివి వాళ్లకే జరుగుతాయనుకోకండి. 2022 మార్చి 9న మన క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది. పేలుడు పదార్థం లేకపోబట్టి సరిపోయింది. అది మనదేనని మనం బయటికి ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పాకిస్తాన్ ఓపిక పట్టింది.

పొరపాటు ఎక్కడ జరగొచ్చంటే, నా అంచనా పోలండ్ సరిహద్దు, బాల్టిక్, నల్ల సముద్రం. 2022 నవంబర్ 15న పోలండ్ పల్లెలో క్షిపణి పడి ఇద్దరు చనిపోయారు. మొదటి గంటల్లో రష్యాదే అని వార్తలు గుప్పుమన్నాయి. నాటో దేశం మీద దాడి అంటే అమెరికా దిగాలి కదా. అది ఉక్రెయిన్ తన రక్షణకి వదిలినదని తేలేసరికి తెల్లారింది. మరుసటేడు మార్చిలో నల్ల సముద్రం మీద రష్యా యుద్ధవిమానం అమెరికా డ్రోన్‌ని గుద్దింది. 2025 సెప్టెంబర్‌లో రష్యా డ్రోన్లు ఇరవై దాకా పోలండ్‌లోకి వచ్చాయి, నాటో విమానాలు కొన్నిటిని కూల్చాయి. డ్రోన్ కూలితే పోయేది ఇనుమే. ఏదో ఒక రోజు పైలట్ పోతే? నాకు నిద్ర పట్టనిది ఆ ప్రశ్నతో.

నిద్ర పట్టకపోవడానికి కారణం కానివి కూడా చెప్పాలి. 2025 ఆగస్టు 1న, రష్యా మాజీ అధ్యక్షుడు మెద్వెదేవ్ ఏదో అన్నాడని, రెండు అణు సబ్‌మెరైన్లని తగిన చోటికి పంపమన్నానని ట్రంప్ పోస్టు పెట్టాడు. ఆ రోజు నాకు వచ్చినన్ని ఫోన్లు మా అమ్మాయి పెళ్లికి కూడా రాలేదు. అందరికీ ఒకటే చెప్పాను. అమెరికా దగ్గర అణు క్షిపణులు మోసే ఒహైయో తరగతి బోట్లు పద్నాలుగున్నాయి. ఆ క్షిపణులు ఏడు వేల కిలోమీటర్లు దాటి పోతాయి. ఉన్నచోట నుంచే కొట్టగలిగిన బోటుని దగ్గరికి జరపడం దేనికి? నిజంగా పంపేవాడైతే చాటింపు వేసి పంపడు. సబ్‌మెరైన్ బలమంతా ఎక్కడుందో తెలియకపోవడమే. రెండు వారాలకే ఆగస్టు 15న ట్రంప్, పుతిన్ అలాస్కాలో చేతులు కలిపారు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమనే రకం వాళ్లు ఆ రోజు ఎన్ని వీడియోలు చేశారో!

మరి నేను చూసేదేమిటి? చేతలు. 2022 ఫిబ్రవరి 27న పుతిన్ తన అణు దళాల్ని ప్రత్యేక స్థితిలో పెట్టమని టీవీలో చెప్పాడు. అమెరికా తన స్థితిని మార్చలేదు. పైగా ముందే అనుకున్న మినిట్‌మన్ అనే అణు క్షిపణి పరీక్షని వాయిదా వేసి, తర్వాత రద్దే చేసింది, అవతలివాడు అపార్థం చేసుకుంటాడేమోనని. 1962లో ఇదే అమెరికా బాంబర్లని గాలిలోనే తిప్పుతూ ఉంచింది. మాస్కో, వాషింగ్టన్ రాయబార కార్యాలయాలు ఒకేసారి ఖాళీ అయితే, రేవుల్లో ఉండాల్సిన సబ్‌మెరైన్లన్నీ ఒక్కసారిగా బయటికెళ్లిపోతే, రెండు రక్షణ శాఖల మధ్య ఫోన్లు ఎత్తేవాడు లేకపోతే, అప్పుడు నేనే మీకు ఫోన్ చేస్తాను.

ఇక మీవాళ్ల సంగతి. డల్లాస్ అబ్బాయికి పుతిన్ కంటే వీసా కాగితాల బెడద ఎక్కువ, అతని పని అతన్ని చేసుకోనివ్వండి.

మేనకోడలికి ప్రపంచ యుద్ధం వల్ల కాదు, ఇప్పుడు జరుగుతున్న యుద్ధం వల్లే ముప్పు. కుర్స్క్‌లో మన పిల్లలు చాలామంది మెడిసిన్ చదువుతారు. 2024 ఆగస్టు 6న ఉక్రెయిన్ సైన్యం ఆ కుర్స్క్ ప్రాంతంలోకే చొచ్చుకొచ్చింది. బెల్గొరోద్ అయితే సరిహద్దుకి కూతవేటు దూరం. అలాంటి చోట ఉంటే వేరే ఊరి యూనివర్సిటీకి మారే వీలుందేమో ఇప్పుడే అడగమనండి. మాస్కోలో మన ఎంబసీలో పేరు, ఫోన్ నంబరు నమోదు చేసుకోమనండి. డ్రోన్ల వల్ల విమానాశ్రయాలు గంటల తరబడి మూసేస్తుంటారు, సెలవులకి వచ్చేటప్పుడు కనెక్షన్ ఫ్లైట్ మధ్య ఖాళీ ఎక్కువ ఉండేలా టికెట్టు తీసుకోండి. ఆ పిల్లతో చదివే మగపిల్లలకి ఇంకో మాట చెప్పమనండి: పార్ట్‌టైమ్ అనీ, హెల్పర్ ఉద్యోగమనీ, తొందరగా పౌరసత్వం వస్తుందనీ ఎవరు చెప్పినా రష్యన్‌లో ఉన్న కాగితం మీద చదవకుండా సంతకం పెట్టొద్దు. తెలంగాణ నుంచి వెళ్లిన కుర్రాళ్లు కూడా అలాగే రష్యా సైన్యంలో తేలారు, అందరూ తిరిగి రాలేదు.

ఆ అమ్మాయి ఏ ఊళ్లో చదువుతోందో మీరు రాయలేదు. ఊరి పేరు చెప్పండి, సరిహద్దుకి ఎంత దూరమో, రైలు దారి ఎటుందో చూసి చెబుతాను.